రెండు పసుపు మాత్రలు

గుడివాడలో మా పిన్ని మందులు దాచుకునే డబ్బా ఒకప్పుడు పూతరేకులు వచ్చిన అట్టపెట్టె. అందులో రెండు స్ట్రిప్పులు విడివిడిగా, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉంటాయి. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో ‘ఆదివారం’ అని రాసి ఉంటుంది, రెండోదాని మీద ‘ఆదివారం తప్ప’ అని. మాత్రలు రెండూ పసుపే. కీళ్ళవాతం మొదలైన ఏడాది ఆవిడ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేది. వేళ్ళు బిగుసుకుపోయి ఎండెక్కేదాకా విడిచేవి కావు. మల్లెపూలు కట్టడం మానేసింది. ఏదో అయిందని మాకందరికీ తెలిసింది అప్పుడే. ఇప్పుడు మళ్ళీ కడుతోంది, ముడి బిగుతుగానే పడుతోంది.

మొన్న వెళ్ళినప్పుడు ఆ డబ్బా నా ముందు పెట్టింది.

“ఒరేయ్ అబ్బాయ్, ఇవి రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదా. ఇదేమో వారానికోసారే, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందంటాడు డాక్టరు. అదేమో ఆ ఒక్కరోజు తప్పించి వేసుకోమంటాడు. ఏమిట్రా ఈ లెక్క?”

“పిన్నీ, ఆ రెండు మందుల వెనకా ఉన్నది ఒకే ఆయన. భీమవరంలో పుట్టాడు.”

“మన భీమవరమే? కైకలూరు దాటితే వచ్చేదేగా!”

అదే భీమవరం. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పిన్నికి ఆ పూట నేను చెప్పింది కొంచెమే. చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఆయన పనితనం ఒకటి, మన ఒంట్లో కణాల పనితనం ఒకటి. రెండూ చివరికి ఒకే చిన్న పదార్థం దగ్గర కలుస్తాయి.

ఆదివారం మాత్ర మెథోట్రెక్సేట్. మిగతా రోజులది ఫోలిక్ యాసిడ్. ఫోలిక్ యాసిడ్ విటమిన్. కణం రెండుగా చీలాలంటే తన డీఎన్‌ఏకి నకలు రాసుకోవాలి, ఆ రాతకి కావలసిన అక్షరాలు పోతపోయడానికి ఈ విటమిన్ ఉండాలి. గర్భంలో మొదటి నెలలో బిడ్డ వెన్ను, మెదడు సరిగ్గా మూసుకోవడానికీ ఇదే అవసరం. అందుకే గర్భిణులకు ఇస్తారు. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగుల్లో ఆహారం ఒంటబట్టక మనిషి శల్యమైపోయే జబ్బు అది. పాతికేళ్ళ తర్వాత, 1945లో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకి పనికొచ్చే మందు అది. ఈ సంగతి రాసేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇక మెథోట్రెక్సేట్. బందరు పక్కన చిలకలపూడిలో చేసే గిల్టు నగలు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ పనివాళ్ళ నేర్పు ఎంతటిదంటే మెడలో వేసుకుంటే కంసాలి కూడా దగ్గరికొచ్చి చూడాలి. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక మూల ఆక్సిజన్ ఉండే చోట అమైనో గుంపును కూర్చోబెడితే అమైనోప్టెరిన్ అవుతుంది. మధ్యలో ఇంకో చిన్న మిథైల్ తగిలిస్తే మెథోట్రెక్సేట్. మార్పు అంతే. కణంలో ఫోలిక్ యాసిడ్‌ని పనిలోకి దించే ఎంజైమ్ ఒకటుంది. అది ఈ నగని అసలు బంగారమనుకుని చేతికి తీసుకుంటుంది, ఇక వదలదు. చేయి ఖాళీ లేక అసలు బంగారం గుమ్మంలోనే నిలబడిపోతుంది. విభజన ఆగుతుంది. అన్నిటికంటే వేగంగా చీలే కణాలకి అన్నిటికంటే ముందు దెబ్బ తగులుతుంది.

1947లో సుబ్బారావు బృందం పంపిన అమైనోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి వాడాడు. 1948లో ఆయన ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందుకీ ఆ జబ్బు అలా వెనక్కి తగ్గింది లేదు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకి, సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

కీళ్ళవాతం సంగతి ఆయనకి తెలియదు. 1951లో ఒక వైద్యుడు అమైనోప్టెరిన్‌ని కీళ్ళవాతానికి వాడి చూశాడు, గుణం కనబడింది. చిన్న మోతాదులో వారానికోసారి మెథోట్రెక్సేట్ ఇవ్వడానికి అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1988 అయింది. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఆ నకిలీ నగ కణాలకి విటమిన్ అందకుండా చేసి కీళ్ళని కాపాడుతుంటే, మిగతా ఆరు రోజులూ అదే విటమిన్ మింగితే మందు పని చెడిపోవాలి కదా? చెడిపోదు. నోటిపూత, వికారం తగ్గుతాయి, కీళ్ళకి గుణం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అంటే ఈ చిన్న మోతాదు ఇంకేదో దారిన పనిచేస్తోంది. ఆ దారి పట్టుకోవాలంటే 1925 నాటి సుబ్బారావు దగ్గరికి వెళ్ళాలి. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది విటమినూ కాదు, క్యాన్సరూ కాదు. ఒక గాజుగొట్టంలో నీలం రంగు.

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర ఆయనకి దొరికిన పని భాస్వరం కొలవడం. రక్తంలోనో కండలోనో ఫాస్ఫేట్ ఎంతుందో తేల్చాలి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాని మీద ఇంకో రసాయనం పోస్తే, ఫాస్ఫేట్ ఉన్న మేరకు నీలం తేలుతుంది. చిక్కటి నీలమైతే ఎక్కువ, పలచనైతే తక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ చదివిన చాలామంది విద్యార్థులు ఎప్పుడో ఒకప్పుడు చేతులారా చేసి ఉంటారు.

నేను చూపించాలనుకున్న పనితనం ఆ తర్వాతది. పిల్లి కండ నుంచి తీసిన రసంలో ఈ రసాయనాలు కలిపితే నీలం వెంటనే రాలేదు. కాసేపటికి మొదలై మెల్లమెల్లగా ముదిరింది. సరుకులో కల్తీ అనో, చేతి తప్పనో అనుకుని గొట్టం కడిగేసి మళ్ళీ మొదలుపెట్టడం సహజం. వీళ్ళిద్దరూ కడగలేదు. ఆలస్యమెందుకని అడిగారు. రసంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, దేనికో వదులుగా అతుక్కుని ఉంది, ఆమ్లం తగిలాక ఒక్కొక్కటే జారి వస్తోంది, అందుకే రంగు నెమ్మదిగా ముదురుతోంది అని తేల్చారు. ఆ వదులు జంట పేరు ఫాస్ఫోక్రియాటిన్. కండ పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. ఇది 1927. లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా సరిగ్గా అప్పుడే దాని జాడ పట్టారు. 1929లో అదే కండరసంలో ఇంకో పదార్థం బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నదీ అదే ఏడాది. మూడు ఫాస్ఫేట్లు తోకలా వేలాడే ఆ అణువు పేరు ఏటీపీ.

ఏటీపీని పాఠ్యపుస్తకాలు ‘శక్తి నాణెం’ అంటాయి. ఆ మాటలో తప్పేమీ లేదు, కాకపోతే సగమే చెబుతుంది. ముందు ఆ సగం చూద్దాం.

మెదడు మన బరువులో రెండు శాతం ఉండి, విశ్రాంతిలో ఒంటికి కావలసిన శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. అందులో పెద్ద వాటా ఒకే పనికి పోతుంది. నాడీకణం పొరలో ఒక పంపు ఉంటుంది. ఒక్క ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లని బయటికి నెట్టి రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాగుతుంది. రేయింబవళ్ళు ఇదే పని. దానివల్ల కణం లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా నిలుస్తుంది. ఈ తేడాయే నాడీకణం పెట్టుబడి. వేల కణాల నుంచి సంకేతాలు దాని కొమ్మల మీద వాలుతుంటాయి. కొన్ని పైకి నెడతాయి, కొన్ని కిందికి లాగుతాయి. దగ్గర్లో వాలినవాటికి బరువెక్కువ, కొసల్లో వాలినవాటికి తక్కువ. ఒకదాని వెంట ఒకటి వెంటవెంటనే పడితే కలిసి లెక్కకొస్తాయి, ఎడమైతే ఇంకిపోతాయి. అన్నీ కూడి, పొడుగాటి నరం మొదలయ్యే మెడ దగ్గర మైనస్ 55 చుట్టుపక్కలకి చేరితే కణం పేలుతుంది. చేరకపోతే చడీచప్పుడూ ఉండదు. ఈ కూడికంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. పేలాక చిందరవందరైన అయాన్లని మళ్ళీ సర్దేది ఆ పంపే. మెదడులో రక్తనాళం మూసుకుపోయి ఆక్సిజన్ ఆగితే నిమిషాల్లో ఏటీపీ అడుగంటుతుంది, పంపు ఆగుతుంది, పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి ముంచుకుంటూ పోతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళని పరుగున ఆసుపత్రికి తీసుకెళ్ళమనేది అందుకే.

ఇక రెండో సగం. 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో ఉన్నవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ 70 గేట్ల కింద నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోతున్న రోజులవి. అటు బుడమేరు వాగు గట్లు తెగి అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వీధుల్లో పడవలు తిరిగాయి. నీరు అదే నీరు. కాలవలో ఉంటే దాళ్వా పంట. వీధిలో ఉంటే, ఏదో తెగిందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయే కబురు. కణం ఏటీపీని సరిగ్గా ఇలాగే చదువుతుంది. లోపల అది దండిగా ఉంటుంది. బయట దాదాపు శూన్యం, లోపలి సాంద్రతలో పది లక్షల్లో ఒక వంతు. కాబట్టి బయట ఏటీపీ కనబడిందంటే దగ్గర్లో ఏదో కణం పొర చిరిగి ఉండాలి, లేదా ఏదో కణం అలిసిపోయేంతగా పని చేస్తుండాలి. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన ప్రమాద సూచిక ఇంకోటి ఉండదు. దీనికోసం కొత్త పదార్థాన్ని తయారుచెయ్యక్కర్లేదు. ఇంట్లో ఉన్నది వీధిలో పడితే చాలు.

ఆ కబురు అందుకునేందుకు మెదడులో కాపలావాళ్ళున్నారు. వాటి పేరు మైక్రోగ్లియా. ఇవి నాడీకణాల జాతివి కావు, రోగనిరోధక కణాల వంశానివి. పిండదశలోనే వలస వచ్చి మెదడులో స్థిరపడినవి. వాటికి పనీపాటా లేదని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడులో వాటిని నేరుగా చూసినప్పుడు ఆ అభిప్రాయం తలకిందులైంది. కణం ఉన్నచోటే ఉంటుంది, దాని సన్నటి చేతులు మాత్రం ఒక్క నిమిషం ఆగవు. చాస్తూ, ముడుస్తూ, చుట్టూ తడుముతూనే ఉంటాయి. లేజరుతో ఒక చిన్న చుక్కంత గాయం చేస్తే అరగంట లోపే నాలుగువైపుల నుంచీ చేతులు వచ్చి ఆ చుక్క చుట్టూ కోట కట్టాయి. వాటిని పిలిచింది ఒలికిన ఏటీపీయే. బయటి ఏటీపీని పూర్తిగా తుడిచేస్తే చేతులు కదల్లేదు. ఆ వీడియో చూసినప్పుడల్లా, ఒక ఇంట్లో కేక వినబడితే చేతిలో పని చేతిలోనే వదిలి పరుగెత్తుకొచ్చే మా ఊరి ఆడవాళ్ళు గుర్తొస్తారు నాకు.

అయితే వచ్చినవాళ్ళంతా కర్రలు పట్టుకురాకూడదు. నిరోధక కణాల అసలు నేర్పు ఇక్కడ ఉంది. బ్యాంకు లాకరు తెరవాలంటే మన తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకువాళ్ళదీ తిప్పాలి. కాపలా కణం మంట రేపాలన్నా అంతే. సూక్ష్మజీవి ముక్క ఏదైనా తగలడం మొదటి చెవి. అప్పుడు కణం ఇంటర్‌ల్యూకిన్-1 అనే సరుకును తయారుచేసి లోపలే ఉంచుకుంటుంది. చుట్టూ ఏటీపీ గట్టిగా ఒలికి ఉండటం రెండో చెవి. రెండూ తిరిగితేనే సరుకు బయటికి వస్తుంది. అది మెదడులో ఉష్ణం చూసే కేంద్రం దాకా కబురు పంపి జ్వరం తెప్పిస్తుంది, దుప్పటి కప్పుకు పడుకోవాలనిపిస్తుంది. సూక్ష్మజీవి ఉండి ఎక్కడా ఏమీ చిరగకపోతే అంత గొడవ అక్కర్లేదు. గాయమై సూక్ష్మజీవి లేకపోయినా అంతే. పుట్టుకతోనే ఈ తాళం వదులైనవాళ్ళు ఉన్నారు. అరుదైన జబ్బు అది. ఏ సూక్ష్మజీవీ లేకుండా, చల్లగాలి సోకితే చాలు వాళ్ళకి జ్వరం, దద్దుర్లు వస్తాయి. మా పిన్ని కీళ్ళలో తప్పిన తాళం వేరేది, ఇంకా చిక్కైనది. సొంత కీలు పొరనే పరాయిదిగా పట్టుకున్న కణాలు ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ, పిలిచినవాడు లేకపోయినా గుంపు చెదరకుండా అక్కడే ఉండిపోతాయి.

జ్వరం మాటొచ్చింది కాబట్టి, డెల్టాలో పెరిగినవాళ్ళందరికీ తెలిసిన ఇంకో మాత్ర ఉంది. ఇంటింటికీ వచ్చి ‘మా ముందే మింగండి’ అని ఇచ్చే బోదకాలు మాత్ర, డీఈసీ. అది కూడా 1947లో లెడర్లీ నుంచి వచ్చిందే. గాజుపాత్రలో ఆ మందు పోస్తే బోదకాలు పురుగుపిల్లలు హాయిగా ఈదుతూనే ఉంటాయి. మనిషికిస్తే మాత్రం రక్తంలోంచి గంటల్లో మాయమవుతాయి. చంపేది మందొక్కటే కాదన్నమాట, ఏళ్ళ తరబడి వాటిని చూసీ చూడనట్టున్న మన కణాలు కూడా అప్పుడు రంగంలోకి దిగుతాయి. మాత్ర వేసుకున్నాక కొందరికి వచ్చే జ్వరం, తలనొప్పి చాలామటుకు ఆ వేట తాలూకు వేడే. అది తెలియక భయపడి మాత్రని కొంగులో దాచేసినవాళ్ళని నేను చూశాను. ఆ జ్వరం ఎందుకొస్తుందో ముందే నాలుగు మాటల్లో చెప్పి ఉంటే మింగేవాళ్ళు.

కేక వేయడం ఎంత ముఖ్యమో, కేక ఆపడం అంత ముఖ్యం. ఈ కణాల దగ్గర నన్ను ఎక్కువగా మురిపించే పనితనం ఇదే. కణాల పొర బయట రెండు ఎంజైములుంటాయి, సీడీ39, సీడీ73. ఒలికిన ఏటీపీ తోకలోంచి ఫాస్ఫేట్లని మొదటిది రెండు, రెండోది మిగిలిన ఒక్కటి కత్తిరించేస్తాయి. తోకంతా ఊడాక మిగిలేది అడినోసిన్. ఏటీపీ ‘రండి’ అంటే అడినోసిన్ ‘ఇక చాలు’ అంటుంది. కేకనే కత్తిరించి జోలపాటగా మారుస్తున్నాయి. కేక ఎంత పెద్దదైతే, కాసేపటికి జోల అంత గట్టిగా వినబడుతుంది. ఆపడానికి వేరే ఆజ్ఞ అక్కర్లేదు.

2020లో ఎలుకల మెదడులో దీన్ని చాలా దగ్గరగా చూశారు. నాడీకణాలు అతిగా పేలుతున్నప్పుడు వాటి నుంచి ఏటీపీ ఒలుకుతుంది. మైక్రోగ్లియా చేతులు చాచి వచ్చి, తమ సీడీ39తో ఆ కత్తిరింపు మొదలుపెడతాయి. చివరికి తయారైన అడినోసిన్ అదే నాడీకణం మీద వాలి దాని వేగం తగ్గిస్తుంది. మైక్రోగ్లియాని తీసేసిన ఎలుకల్లో కొద్దిపాటి ప్రేరేపణకే మూర్ఛలు వచ్చాయి. రోగనిరోధక కణం నాడీకణాన్ని సముదాయిస్తోంది, అదీ ఆ కణం కార్చిన పదార్థంతోనే! మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో కొన్నిచోట్ల అడినోసిన్ పేరుకుంటూ వస్తుంది. రాత్రి పదింటికి కళ్ళు బరువెక్కడంలో దాని చేయి చాలా ఉంది. దీన్ని దుర్వినియోగం చేసేవీ ఉన్నాయి. కొన్ని క్యాన్సర్ గడ్డలు తమ చుట్టూ అడినోసిన్ నింపుకుని, చంపడానికొచ్చిన కణాలని గుమ్మంలోనే జోకొడతాయి.

ఇప్పుడు పిన్ని ఆదివారం మాత్రకి రావచ్చు. వారానికోసారి వేసే చిన్న మోతాదులో ఆ నకిలీ నగ, అక్షరాలు పోతపోసే వరసలో ఇంకో ఎంజైమ్ చేతిని కూడా పట్టుకుంటుంది. ఆ మెట్టు దగ్గర సగం తయారైన సరుకు పేరుకుంటుంది. ఆ పేరుకున్నది అడినోసిన్‌ని ఎత్తిపోసే ఎంజైములకి అడ్డం పడుతుంది. దాంతో మంట ఉన్నచోట అడినోసిన్ నిలవ ఉంటుంది. గుంపు కట్టిన కణాల పొర మీద అది వాలి, వాటి చేత చేతులు దింపిస్తుంది. మెథోట్రెక్సేట్ పనిచేసే దారులు ఇంకా ఉన్నాయి, కానీ 1990లలో తేలిన ఈ దారి ముఖ్యమైనది. ఆరు రోజుల ఫోలిక్ యాసిడ్ దీన్ని ఎందుకు చెడగొట్టదో కూడా ఇప్పుడు కొంత అర్థమవుతుంది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరసంలో పట్టుకున్న అణువు తోక కత్తిరిస్తే వచ్చేది అడినోసిన్. ఆయన బృందం చేతి నగల కోవకి చెందిన మాత్ర, అరవై ఏళ్ళ తర్వాత, ఆ అడినోసిన్‌నే కీళ్ళలో నిలబెడుతోందని తేలింది. ఈ రెండు కొసలూ ఎప్పటికైనా కలుస్తాయని ఆయనకి తెలిసే అవకాశమే లేదు. నీలం ఎందుకు ఆలస్యమైందని అడిగారు, అంతే.

పిన్నికి ఇంత చెప్పలేదు. ఏటీపీ కేక అనీ, అడినోసిన్ జోల అనీ, కాఫీలో ఉన్న కెఫీన్ ఆ జోల చెవిన పడకుండా అడ్డు నిలుస్తుంది కాబట్టే నిద్ర ఎగిరిపోతుందనీ చెప్పాను. పూలు కడుతూ వింది. దారం పంటితో తెంపి, తలెత్తింది.

“అయితే నేను కాఫీ తాగితే ఆదివారం మాత్ర జోల కూడా వినబడదన్నమాటేగా?”

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. పరిశోధకులు వేసుకున్న ప్రశ్నే అది. ఎక్కువ కాఫీ తాగేవాళ్ళకి మాత్ర సరిగ్గా పట్టలేదని ఒక అధ్యయనం చెప్పింది, తేడా ఏమీ లేదని ఇంకోటి చెప్పింది. అదే చెప్పాను. డాక్టరుని అడుగు పిన్నీ అన్నాను.

“అడుగుతాలే. ఆయన చెప్పేదాకా ఆదివారాలు ఒక్క గ్లాసే,” అంది. రెండో గ్లాసు నా వైపు జరిపింది.